ప్రార్థన మనవి

బండ ఎత్తేటప్పుడు ఇద్దరిలో ఒకరు మాట అందించాలి. మాట లేకుండా ఎత్తితే ఒక మూల ముందు లేస్తుంది, రెండో మూల ఎవరి కాలి మీదనో కూర్చుంటుంది. కృపమణి, విశ్వాసమ్మల జతలో ఆ మాట అందించేది ఎప్పుడూ విశ్వాసమ్మే. “ఎత్తు” అంటుంది. గట్టిగా కూడా అనదు. మిషను రొదలో అది కృపమణికి ఎలా వినపడుతుందో దేవుడికే తెలియాలి. వినపడగానే నాలుగు చేతులూ ఒక్కసారి లేస్తాయి. పాలిష్ మిషను కింది నుంచి వచ్చిన నాపబండ తెల్ల బురద ఓడ్చుకుంటూ లేచి, గోడవారన పోయి నిలబడుతుంది. బేతంచెర్లలో బండల ఫ్యాక్టరీలకు కరువు లేదు గానీ, అంచు చిట్లకుండా ఇంత నెమ్మదిగా బండ దించే జత మాత్రం ఇదొక్కటేనని లారీ డ్రైవర్లే ఒప్పుకుంటారు.

ఆ సోమవారం మధ్యాహ్నం స్వర్ణలత కృపమణి ఒక్కదాన్నే ఆఫీసు వరండాలోకి పిలిచింది. ఫ్యాక్టరీ బోర్డు మీద మామ తిమ్మయ్య పేరు ఉంటుంది గానీ నడిపేది కోడలు స్వర్ణలతే. లారీ ఎప్పుడు కదలాలో, ఎవరు ఏ మిషను దగ్గర నిలబడాలో అన్నీ ఆమె నోట్లోంచే వస్తాయి. కృపమణి బండ కోసుకోకుండా చేతులకు కట్టుకున్న టైరు ట్యూబు ముక్కలు విప్పి నడుముకు దోపుకుని, మెట్టు కిందనే నిలబడింది.

“పైకి రా, పర్వాలేదు” అంది స్వర్ణలత. “కొత్త షెడ్డులో మెట్ల బండలు కోసే పని మొదలు పెడతాండాం. బెంగళూరు ఆర్డరు. ఆడోళ్ల మీద ఒక మేస్త్రమ్మ కావాల. నువ్వా, విశ్వాసమ్మా అని ఆలోచిస్తాండా.”

“అక్క నాకన్నా పెద్దది మేడం. ఆమెకే ఇయ్యండి” అంది కృపమణి. నోటికి అలవాటైన మాట అది, మనసుకు కాదు.

“ఇదీ మీతో వచ్చిన చిక్కు” అని స్వర్ణలత నవ్వింది. “పని చేసేవాళ్లు నాకు శానామంది ఉండారు. ముందుచూపు ఉండేవాళ్లే లేరు. పొద్దున లేస్తే ఈ పొద్దు లోడు ఎట్ల ఎత్తాల అని తప్ప, వచ్చే నెల ఏమి, వచ్చే ఏడు నేను యాడ ఉంటా, ఎవరూ ఆలోచించరు. ఒక అడుగు వేసే ముందు రెండో అడుగు యాడ పడతాదో చూసుకోవాల. ఇన్నేండ్లు బండలు ఎత్తినావు. ఇప్పుడు ఎత్తు వేయడం నేర్చుకో. శనివారం చెప్తా ఎవరో.”

మెట్లు దిగేటప్పుడు కృపమణి నడుము కలుక్కుమంది. గోడ పట్టుకుని ఒక క్షణం నిలబడింది. ఈ నడుముతో ఇంకెన్నాళ్లు ఎత్తగలదో ఆమెకే తెలియదు. ఎత్తలేని రోజు వస్తే ఇంట్లో కూర్చోబెట్టి అన్నం పెట్టేవాళ్లు లేరు. మేస్త్రమ్మకు కుర్చీ ఉంటుంది, చేతిలో సుద్దముక్క ఉంటుంది. ఎత్తమని చెప్పడమే తప్ప ఎత్తడం ఉండదు. ఆ కుర్చీ కావాలని ఆమెకు ఆ మెట్ల మీద తెలిసింది. తెలిసిన వెంటనే, మిషను దగ్గర తన కోసం బండ అంచు పట్టుకుని ఎదురుచూస్తున్న విశ్వాసమ్మ మొహం చూడలేకపోయింది.

“ఏమంట మే మేడం?” అని విశ్వాసమ్మ అడిగింది.

“ఏమీ ల్యాక్కా. కొత్త షెడ్డు ఊడ్చమంటాంది.”

అది మొదటి అబద్ధం. తర్వాత ఆ వారమంతా ఆమె ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఆడనవసరం రాలేదు.

ఆ సాయంత్రం సంగటి కెలుకుతూ కృపమణి ఆలోచించింది. ఆలోచించడం ఆమెకు కొత్తేమీ కాదు. పేదింటి ఆడది ఆలోచించకుండా పొయ్యి ఎలా వెలుగుతుంది? కానీ ఎదుటి మనిషి బలమెక్కడ, బలహీనత ఎక్కడ అని వెతుక్కుంటూ ఆలోచించడం కొత్త. పనిలో విశ్వాసమ్మ తనకన్నా మేలు. మాటలో మేలు. ఆడవాళ్లంతా ఆమె మాట వింటారు. ఇంక తక్కువ ఎక్కడ? తెడ్డు ఆగిపోయింది. దగ్గు.

విశ్వాసమ్మ దగ్గు ఫ్యాక్టరీలో ఎవరికీ తెలియదు. వచ్చేటప్పుడు అది ఆమెకు ముందే తెలుస్తుంది. బండ నెమ్మదిగా దించి, నీళ్ల తొట్టి వెనక్కి పోయి, తువ్వాలు నోట్లో కుక్కుకుని దగ్గి వస్తుంది. పాలిష్ మిషను దగ్గరికి రాకముందు ఎన్నో ఏళ్లు పొడి బండలు కోసే చోట పని చేసింది. ఆ దుమ్ము లోపల కూర్చుని ఇప్పుడు పలుకుతోంది. జతలో ఉన్న మనిషి కాబట్టి కృపమణికి తెలుసు. మొన్న ఆ తువ్వాలు పిండుతుంటే ఎర్రటి మరక కూడా చూసింది. “ఎవరికీ చెప్పొద్దు మే” అని విశ్వాసమ్మ అడగలేదు. అడగాల్సిన అవసరం ఉందని అనుకోలేదు.

మేడంకు పోయి చెప్తే? చాడీలు చెప్పేదాన్ని ఎవరూ మేస్త్రమ్మను చేయరు. మాట పోవాలి, కానీ తన నోటి నుంచి పోయినట్టు ఉండకూడదు. సంగటి అడుగంటింది. ఆ మాడు వాసనలోనే ఆమెకు దారి దొరికింది.

శుక్రవారం సాయంత్రం ప్రార్థన కూటం ఆ వారం సంఘంలోని ఓబన్న ఇంట్లో జరిగింది. చర్చి పెద్దది ఉన్నా, ఉపవాస ప్రార్థన మాత్రం వంతుల ప్రకారం ఇళ్లలోనే పెట్టుకుంటారు. చాపల మీద ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క. మగవాళ్లలో గోడకు ఆనుకుని యేసుప్రసాద్ కూర్చున్నాడు. సంఘంలో పెద్ద, ఫ్యాక్టరీ ఆఫీసులో గుమాస్తా. చెడ్డవాడు కాదు గానీ ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. ఇక్కడ విన్నది అక్కడ, అక్కడ విన్నది ఇక్కడ చెప్పకపోతే ఆయనకు అన్నం అరగదు.

పాటలయ్యాక పాస్టరు అయ్యగారు, “మనవులుంటే చెప్పండమ్మా” అన్నారు.

ఒకామె కొడుకు పరీక్షల గురించి చెప్పింది. ఫ్యాక్టరీలోనే పనిచేసే జీవమ్మ తన మేక ఈనలేక పడుతున్న అవస్థ చెప్పింది. మేకకు కూడా అయ్యగారు “స్తోత్రం” అన్నారు. అక్కడ అలాగే ఉంటుంది. ఏ బాధైనా చెప్పుకోవచ్చు. చెప్పుకున్న బాధను అందరూ తలా ఒక చెయ్యి వేసి ఎత్తుకుంటారు. అందుకే అలిసిపోయి కూడా ఆడవాళ్లు ఆ చాపల మీదికి వచ్చి కూర్చుంటారు.

“అయ్యగారూ” అంది కృపమణి. “మన విశ్వాసమ్మక్క గురించి ప్రార్థన చేయాల. శానా దినాల నుంచి దగ్గు. పని కాడ వంగితే ఆయాసం. మొన్న తువ్వాలుకు రవంత రక్తం కూడా పడినాది. ఎవరికీ చెప్పుకోల్యా పాపం. ప్రభువే చూడాల.”

“అయ్యో” అన్నారు ఎవరో. “స్తోత్రం, స్తోత్రం” అన్నారు అందరూ. అయ్యగారు లేచి నిలబడి విశ్వాసమ్మ పేరెత్తి చాలాసేపు ప్రార్థించారు. విశ్వాసమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుని తలవంచుకుని ఉంది. ప్రార్థన ముగిశాక యేసుప్రసాద్, “ఇంత జబ్బు పెట్టుకొని పనికొస్తాందా ఆయమ్మ!” అని పక్కాయనతో అన్నాడు. కృపమణి విన్నది. చెప్పినదంతా నిజమే కదా, ప్రార్థనే కదా అడిగింది, అని దారి పొడుగునా తనకు తాను చెప్పుకుంది. నిజం చెప్పిన మనిషికి అన్నిసార్లు చెప్పుకోవాల్సిన పని ఏమిటో మాత్రం ఆలోచించలేదు.

శనివారం పొద్దున ఇంకా మొదటి బండ రాకముందే విశ్వాసమ్మను ఆఫీసులోకి పిలిచారు. ఆమె త్వరగానే తిరిగి వచ్చింది. చేతుల ట్యూబు ముక్కలు విప్పి, తొట్టిలో బురద పోయేలా కడిగి, మిషను పక్కన ఆరబెట్టింది. తర్వాత మేకుకు తగిలించిన క్యారియరు తీసుకుంది.

“ఏమైంది అక్కా?”

“ఇంటికి పొమ్మన్యారు మే. బెంగళూరోళ్లు ఫ్యాక్టరీ చూసేదానికి వస్తాండారంట. వాళ్ల ముందర దగ్గితే బాగుండదంట. బాగైనాక రమ్మన్యారు.”

బాగైనాక రమ్మనడం అంటే ఏమిటో ఆ ఫ్యాక్టరీలో గోడకు ఆనించిన బండలకు కూడా తెలుసు. పొమ్మనలేక పొగబెట్టడం అంటారే, స్వర్ణలత ఆ పొగ కూడా పెట్టలేదు, మంచి మాటతోనే పంపేసింది. మేస్త్రమ్మ పని విశ్వాసమ్మకు రాకుండా ఉంటే చాలని కృపమణి అనుకుంది గానీ, ఉన్న పనే పోతుందని అనుకోలేదు. మేడం చెప్పినట్టు రెండడుగులూ చూసుకుంది. రెండో అడుగు ఒక మనిషి పొట్ట మీద పడుతుందని చూసుకోలేదు.

“నేను పోయి మేడంతో మాట్లాడతా అక్కా” అంది.

“వద్దులే” అంది విశ్వాసమ్మ. గేటు దాకా నెమ్మదిగా నడిచి, గేటు దాటాక ఆగి దగ్గింది. ఇప్పుడు ఎవరి కోసమూ దాచుకోవాల్సిన పని లేదు గనక గట్టిగా దగ్గింది.

మధ్యాహ్నానికి కృపమణికి కుర్చీ వచ్చింది.

కుర్చీ మీద కూర్చుంటే నడుము నొప్పి తగ్గుతుందని అందరూ అంటారు. ఆమెకు తగ్గింది కూడా. మిగతాదే బాగా లేదు. కొత్త షెడ్డులో బల్ల మిషన్లు పెట్టారు. గుండ్రటి బ్లేడు తిరుగుతుంటే బండను ముందుకు తోయాలి. నీళ్లు పెట్టకుండా కోస్తున్నారు గనక బండ తెగినప్పుడల్లా తెల్ల దుమ్ము లేచి ఆడవాళ్ల రెప్పల మీద, పెదాల మీద పడుతోంది. సాయంత్రానికి అందరూ ఒకే వయసు మనుషుల్లా కనిపిస్తారు.

మంగళవారం అనుకుంటా, జీవమ్మకు దగ్గు వచ్చింది. మొదటి దగ్గు బయటికి వచ్చేసింది. అప్పుడు ఆమె తలెత్తి కుర్చీలో ఉన్న కృపమణిని చూసింది. రెండో దగ్గును పళ్ల మధ్య పట్టుకుంది. మొహం కందిపోయింది, కళ్లలోంచి నీళ్లు కారాయి, భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. ఆమె మాత్రం నోరు తెరవలేదు.

కృపమణి చెంబుతో నీళ్లు పట్టుకుని పరిగెత్తింది. “తాగు జీవమ్మా. దగ్గు పర్వాలేదు, దగ్గు.”

“నాకేమి దగ్గు? నాకేమీ ల్యా మేస్త్రమ్మా” అంది జీవమ్మ గాలి అందక. “గొంతులో ఏదో పురుగు పడినాది, అంతే. నేను బాగుండా.”

చెంబు తీసుకోలేదు. మిగతా ఆడవాళ్లు వంచిన తల ఎత్తలేదు. ఎవరూ ఒక్క మాట అనలేదు, ఒక్క ఎత్తిపొడుపు లేదు. ఎవరైనా తిట్టి ఉంటే కృపమణి ఎదురు తిట్టి ఉండేది, మనసు కొంచెం కుదుటపడేది. తేలు కుట్టిన దొంగలా చెంబు పట్టుకుని వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చుంది. చచ్చేంత సిగ్గేసింది.

ఆ శుక్రవారం కూటానికి విశ్వాసమ్మ రాలేదు. పాటలు పాడారు. అయ్యగారు, “మనవులుంటే చెప్పండమ్మా” అన్నారు. ఎవరూ పలకలేదు. జీవమ్మ మనవరాలికి జ్వరం వచ్చి ఆసుపత్రిలో ఉన్న సంగతి వాడంతా తెలుసు. జీవమ్మ చాప ఈనెలు గిల్లుతూ కూర్చుంది.

“ఏమీ లేవా?” అయ్యగారు మళ్లీ అడిగారు.

“ఏమీ లేవు అయ్యగారూ. అందరం బాగుండాం. స్తోత్రం” అంది ఒకామె.

“దేవునికి మహిమ” అన్నారు అయ్యగారు సంతోషంగా. ఆయనకేం తెలుసు పాపం. అలిసిపోయిన ఆడవాళ్లకు ఉన్న ఒక్క చోటు అది. దాన్ని కృపమణి తానే పాడు చేసింది. ఆ చాపల మీద ఇంక ఎవరూ ఏ బాధా చెప్పుకోరు. కృపమణి తలవంచుకుంది. కళ్లు మూసుకున్నా జీవమ్మ మొహమే కనపడింది.

ఆదివారం చర్చిలో ప్రార్థన ముగిసిన తర్వాత ఆమె ఇంటికి పోలేదు. విశ్వాసమ్మ ఇంటికి పోయింది.

విశ్వాసమ్మ వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఎవరో షావుకారు దగ్గర తెచ్చుకున్న కూలి పని. చిన్న రాయితో కాయను కొట్టడం, గింజ తీసి చేటలో వేయడం. “రా మే, కూచో” అని పీట జరిపింది. కృపమణి పీట పక్కన పెట్టి నేల మీద కూర్చుంది. ఒక కాయ చేతిలోకి తీసుకుంది గానీ గోరు ఆడలేదు.

“అక్కా, నేను నీకు అన్యాయం చేసినా.”

“తెలుసు మే.”

“ఎవరు చెప్పినారు?”

“ఒకరు చెప్పాల్నా? నా పేరు వినపడ్తానే తలెత్తి చూసినా. దేవుని కోసం చెప్పే మాటయితే కండ్లు మూసుకొనో, అయ్యగారి తట్టు చూసో చెప్తావు. నువ్వు యేసుప్రసాదు తట్టు చూస్తాంటివి.”

కృపమణికి భూమిలోకి పోతే బాగుండుననిపించింది. “శుక్రారం కూటంలో లేచి అందరి ముందర చెప్పేస్తా” అంది ఏడుస్తూ. “మేడంకు గూడా చెప్తా. ఆ కుర్చీ నాకొద్దు, దిగిపోతా.”

విశ్వాసమ్మ చేతిలోని రాయి ఆగింది.

“చెప్పి? నువ్వు ఏడుస్తావు. అందరూ స్తోత్రం అంటారు. అయ్యగారు నీ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తాడు. నీ బరువు దిగిపోతాది, ఇంటికి పోయి హాయిగా పండుకుంటావు. నాకేమొస్తాది మే? నా దగ్గు పోతాదా, నా జాగా నాకొస్తాదా? ఆ కుర్చీలో ఇంగెవత్తో వచ్చి కూచుంటాది.”

“మల్ల నన్నేం చేయమంటావక్కా?”

జవాబు చెప్పబోతుంటే విశ్వాసమ్మకు దగ్గు తెర వచ్చింది. కూతురు ఆరాధన లోపలి నుంచి నీళ్లు తెచ్చి తాగించి, తల్లి వీపు నిమిరింది. “వందనాలత్తా” అని కృపమణితో నవ్వుతూ అని లోపలికి పోయింది. ఆమెకు ఏమీ తెలియదని ఆ నవ్వే చెప్పింది.

“దానికి చెప్పల్యా” అంది విశ్వాసమ్మ. “రేపట్నుంచి అది నీ షెడ్డుకు వస్తాంది. మేడమే కబురు పంపినాది, నీ కూతుర్ని పంపు అని. డిగ్రీ ఆడికి ఆగినట్టే. ఆడ నీళ్లు పెట్టకుండా కోస్తాండారంట గదా?”

“అవునక్కా.”

“నీళ్లు పెట్టియ్యి. నువ్వు చేయాల్సింది అది. నీ ఏడుపు నాకొద్దు.”

“రేపే చెప్తా. దుమ్ముకు అందరికీ దగ్గులొస్తాండాయి అని...”

“నీకు ముక్కు ముందర తప్ప కనపడదా మే!” మొదటిసారి విశ్వాసమ్మకు కోపం వచ్చింది. “దగ్గు అంటే ఆయమ్మకు నీళ్లు గుర్తొస్తాయా? దగ్గేవాళ్లు గుర్తొస్తారు. ఎవరెవరు దగ్గుతాండారో చెప్పు, ఇంటికి పంపిద్దాం అంటాది. దగ్గు అనే మాట వద్దు, దుమ్ము అనే మాటా వద్దు. బ్లేడు అను. పొడిగా కోస్తే బ్లేడు బిర్నా అరిగిపోతాది, అంచు కాలి మచ్చ పడతాది, బెంగళూరోళ్లు సరుకు వాపసు పంపుతారు అను. నీళ్లు యాడివి అంటాది. పాలిష్ తొట్టిలో తేరిన నీళ్లు ఊరికే మోరీలోకి పోతాండాయి, ఒక పైపు ఏస్తే చాలు అను.”

కృపమణి కొంగుతో మొహం తుడుచుకుని వింటోంది.

“ఇంగొకటి. నేను చెప్పినానని అనొద్దు. పనిలోంచి తీసేసినదాని మాట పట్టుకొని వచ్చినావని తెలిస్తే నీళ్లు రావు. నీ ఆలోచనే అను. నా పేరు ఎట్ల తీసినా గమ్మునుండు.”

“అది నాతో కాదక్కా.”

“నా పేరు ఎవరూ ఎత్తమనకుండానే కూటంలో ఎత్తినావు గదా. ఇప్పుడు ఎత్తకుండా ఉండేదానికేమి కష్టం?” అని విశ్వాసమ్మ మళ్లీ రాయి తీసుకుంది.

సోమవారం పొద్దున కృపమణి ఆఫీసు మెట్లెక్కింది. బ్లేడు అంది. అంచు అంది. బెంగళూరు అంది. తొట్టి నీళ్లు అంది. ఒకటి తర్వాత ఒకటి, తోవలో అప్పజెప్పుకున్నట్టే చెప్పింది. వింటూ వింటూ స్వర్ణలత చేతిలోని ఫోను కింద పెట్టింది.

“యేసుప్రసాదూ! ఇట్ల రా. తొట్టి నుంచి కొత్త షెడ్డుకు పైపు ఏయించాల, ఈ పొద్దే” అని కేకేసింది. తర్వాత కృపమణి వైపు తిరిగి మురిసిపోయింది. “చూసినావా? ఇదీ నేను చెప్పింది. నా పని గురించి నాకన్నా ముందు నువ్వు ఆలోచించినావు. నిన్ను పెట్టి మంచి పని చేసినా. విశ్వాసమ్మను పెట్టింటే ఏమయ్యేది? బండ ఎత్తడం తప్ప ఆయమ్మకేం తెలుసు? ఏమంటావు, ఆయమ్మకు తట్టేదా ఇది?”

యేసుప్రసాద్ అప్పటికే వరండాలోకి వచ్చి నిలబడ్డాడు. ఆయన వెనక, పేరు రాయించుకోవడానికి క్యారియరు పట్టుకుని వచ్చిన ఆరాధన ఉంది. తల్లి పేరు విని ఆ పిల్ల తలెత్తింది. కృపమణి ఆమెను చూసింది. స్వర్ణలత నవ్వుతూ జవాబు కోసం చూస్తోంది. ఊరుకోమంది విశ్వాసమ్మ. ఊరుకుంటే సరిపోయేటట్టు లేదు. ఇక్కడ తడబడితే ఎందుకు తడబడిందని మేడం ఆరా తీస్తుంది, పైపు సంగతి రేపటికి పోతుంది, రేపు ఇంకో రేపటికి పోతుంది.

“ఆయమ్మకు యాడిది మేడం అంత ఆలోచన” అంది కృపమణి.

తన గొంతు తనకే ఎవరిదో అనిపించింది. ఆ రోజు చాప మీద నిజం చెప్పి ఒక మనిషి కూడు తీసింది. ఈ రోజు అబద్ధం ఆడింది. సిగ్గు మాత్రం రెండిటికీ ఒకటే. ఆరాధన చూపు ఆమె మీద నుంచి క్యారియరు మీదికి దిగి, అక్కడే ఉండిపోయింది.

మధ్యాహ్నానికి పైపు వచ్చింది. నీళ్లు సన్నటి ధారగా బ్లేడు మీద పడుతుంటే, బండలోంచి దుమ్ముకు బదులు పాలలాంటి నీళ్లు జారి కాలవలోకి పోయాయి. జీవమ్మ మొహానికి చుట్టుకున్న గుడ్డ విప్పి మెడలో వేసుకుంది. ఆరాధన చివరి బల్ల దగ్గర నిలబడి, ఇంకా చేయి తిరగక, బండను భయం భయంగా తోస్తోంది. చున్నీ కొస బ్లేడు వైపు వేలాడుతోంది. కృపమణి కుర్చీలోంచి లేచి దగ్గరికి పోయింది.

“చున్నీ నడుముకు కట్టుకో పాపా. బ్లేడు లాగుతాది.”

ఆరాధన మిషను ఆపి, చున్నీ తీసి నడుముకు ముడివేసుకుంది. “సరే మేస్త్రమ్మా” అంది, మొహం చూడకుండా.

ఇదంతా మీ అమ్మ చెప్పిందే పాపా, అని ఒక్క మాట చెప్తే చాలు. కానీ యేసుప్రసాద్ ఆ పక్కనే గొంతుక్కూర్చుని పైపు మూతికి తీగ చుడుతున్నాడు. కృపమణి ఆ మాట మింగేసి, ఆరాధనకు రెండో బండ అందించడానికి వంగింది.